దుప్పట్ల మధ్య డిస్కు

చదివే అక్క గొంతు గొప్పదేమీ కాదు. కాస్త ముక్కుతో పలుకుతుంది. పొడవాటి వాక్యం చివరికి వచ్చేసరికి ఊపిరి చాలక తడబడుతుంది. అయినా చూపులేని విద్యార్థుల కోసం పదకొండేళ్లుగా పాఠ్యపుస్తకాలు చదివి రికార్డు చేస్తున్న మనిషి ఆమె. ఒక్క పేజీ కూడా దాటవేసిందన్న మాట ఇంతవరకూ పడలేదు.

ఆ చదువంతా అరచేయంత బ్యాకప్ డిస్కులో ఉంది. కంప్యూటరులో చోటు చాలక, పూర్తయిన పాఠాన్ని డిస్కులోకి చేర్చి ఇక్కడ తుడిచేసేది. మూలమే మిగలనప్పుడు నకలును నకలు అనవచ్చునా అన్న ప్రశ్న ఆమెకు ఏనాడూ తట్టలేదు. ఆ బుధవారం ఉదయం తట్టింది. డిస్కు తెరవడం కుదరదని, వాడుకోవాలంటే ఫార్మాట్ చేయాలని, చేయమంటారా అని కంప్యూటరు అడుగుతోంది.

సాక్ష్యాల చట్టం పాఠాలు ముప్పై ఒకటీ అందులోనే ఉన్నాయి. వాటి కోసం పది గంటలకు టెలిఫోను ఆపరేటరు రాబోతోంది. పుట్టుకతో చూపులేని ఆమె లా డిగ్రీలో ఈ ఒక్క పేపరూ రెండుసార్లు తప్పింది. మూడోదే ఆఖరి అవకాశం. పరీక్షకు తొమ్మిది రోజులుంది.

ఆఫీసుకు బయలుదేరుతున్న మరిది చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ తెరలోకి తొంగిచూశాడు.

“పాపం, అంత మర్యాదగా అడుగుతోంది కదా వదినా. ఔనని నొక్కేస్తే పోలా?”

“నొక్కితే మొత్తం తుడిచేస్తుందయ్యా. ఇల్లు ఊడ్చమంటే సామానంతా వీధిలో పారేసే రకం ఇది.”

రిపేరు దుకాణానికి ఫోను చేస్తే, వారం పడుతుంది, పాఠాలు తిరిగి వస్తాయని మాత్రం మాటివ్వలేను అన్నాడు దుకాణదారు. ఆమె కంప్యూటరును రెండుసార్లు ఆపి మళ్లీ వేసింది. అదే ప్రశ్న ఎదురైంది. ఔననలేదు.

పది గంటలకు ఆపరేటరు వచ్చింది. సంగతి విని, డిస్కు ఎక్కడుందని అడిగింది. పక్క గది బీరువాలో ఉందని చెప్పింది అక్క.

“బీరువాలోనా? అదేమన్నా నగా అక్కా?”

“నా గొంతు కింద ఏదో రొద వస్తోందన్నావుగా పోయిన వారం. అది వినపడకూడదని దాచా.”

రొద డిస్కుదేనని తేల్చుకున్న అక్క నిన్న సాయంత్రమే దాన్ని బల్ల మీంచి తీసి, రెండు మందపాటి దుప్పట్ల మధ్య పడుకోబెట్టింది. వైరు అందకపోతే మరో రెండు వైర్లు అతికి, తలుపు కింద నుంచి లాక్కొచ్చింది.

ఆపరేటరు బీరువా దగ్గరికి తీసుకెళ్లమంది. పై దుప్పటి తొలగించి డిస్కుకు చెవి ఆనించింది. లోపల ఏదో తిరగడం మొదలై, టిక్కుమని ఆగి, మళ్లీ మొదలవుతోంది. పద్దెనిమిదేళ్లుగా వేల లైన్లు విన్న చెవి అది.

“చచ్చిన లైను ఇలా ఉండదక్కా. ఇది లేవబోయి కూలబడుతోంది. అంత దూరం నుంచి దీనికి సరిపడా కరెంటు అందట్లేదేమో. అతుకులన్నీ తీసేసి, దాని సొంత వైరుతో కంప్యూటరుకే తగిలించు.”

అక్క తగిలించింది. ఆపరేటరు డిస్కు మీద వేళ్లుంచి, “ఆగలేదు, తిరుగుతోంది,” అంది మెల్లగా. తెరమీద పుస్తకాల పేర్లు ఒక్కొక్కటే వచ్చాయి. అక్క వాటిని పైకి చదివి వినిపించింది.

ముందుగా చట్టం పాఠాలను ఆపరేటరు తెచ్చిన పెన్‌డ్రైవులోకి ఎక్కించారు. ఇరవై తొమ్మిది వచ్చాయి. పద్నాలుగోదీ ఇరవై రెండోదీ ఎంతకీ తెరుచుకోలేదు. రాత్రంతా లేస్తూ పడుతూ ఉన్న డిస్కులో అవి పాడైనట్టున్నాయి. మిగతా పుస్తకాల కోసం రెండో డిస్కు కొనాలని అక్క కాగితం మీద రాసుకుని, ఆ రెండు పాఠాలూ మళ్లీ చదవడానికి మైకు సర్దబోయింది.

“మైకెందుకు? ఎదురుగా నేనున్నాగా. చదువు, అర్థం కాకపోతే ఆపుతా.”

చదువుతుంటే ఆపినవాళ్లు ఈ పదకొండేళ్లలో లేరు. నాలుగో వాక్యం దగ్గరే, మూలం పోయాక నకలును సాక్ష్యంగా ఒప్పుకోవడం ఎలా కుదురుతుందని ఆపరేటరు అడ్డుపడింది. అక్క కుదురుతుందంది. ఆపరేటరు పుస్తకం వెనక్కీ ముందుకీ తిప్పించింది, ఇద్దరూ గట్టిగానే వాదించుకున్నారు. మధ్యాహ్నానికి పేజీన్నర అయింది.

ఆపరేటరు ఆఫీసుకు ఫోను చేసి, పరీక్షదాకా తనకు సాయంత్రం డ్యూటీ వేయమని అడిగింది. వేస్తామన్నారు కాబోలు, చెప్పులు వేసుకుంటూ అంది:

“రేపు తొమ్మిదికే వస్తానక్కా. నువ్వు చెప్పింది నేనింకా ఒప్పుకోలేదు.”