ఘాటెక్కితేనే బేరం: గిద్దలూరులో పాత వ్యాను చూసిన రోజు

మా అమ్మాయి రమాదేవి సొంతంగా వ్యాను కొంటానన్న రోజు నుంచి నాకు కాలు ఒకచోట నిలవడం లేదు. పలకల ఫ్యాక్టరీలో పనిచేసి పెంచుకున్న బిడ్డ, ఇప్పుడు తన బండి తనే నడుపుకుంటానంటే ఏ తండ్రికి ఆనందం ఆగుతుంది చెప్పండి. మార్కాపురంలో ఆమెకు కర్రీ పాయింటు ఉంది. ఈమధ్య పెళ్ళి వంటలు కూడా ఒప్పుకుంటోంది. మొన్న తర్లుపాడు దగ్గర ఒక పెళ్ళికి, మాట్లాడుకున్న ఆటో రాకపోవడంతో సాంబారు బంతి లేచే వేళకు చేరింది. ఆ ఇంటివాళ్ళు పల్లెత్తు మాట అనలేదు కానీ, వాళ్ళ బంధువుల్లో ఒక్కరూ మళ్ళీ ఆమెను వంటకు పిలవలేదు. వంటవాళ్ళూ గుండిగలూ కలిసి పోయే బండి లేకపోతే ఈ పని సాగదని తేల్చేసింది. కూడబెట్టిన సొమ్ము ఒక్క పాత బండికే సరిపోతుంది. అది దారిలో మొరాయించేదైతే వంటల పని అంతటితో ముగిసినట్టే.

గిద్దలూరులో బట్టల దుకాణం సుబ్బయ్య గారు తన ఏడు సీట్ల వ్యాను అమ్ముతున్నారని తెలిసి, పొద్దున్నే మార్కాపురం బస్టాండులో గిద్దలూరు బస్సెక్కాం. కంభం మీదుగా రెండు గంటల దారి. నా టికెట్ వంద రూపాయల లోపే అయింది, ఆడవాళ్ళకు ఉచితం కాబట్టి అమ్మాయి ఆధార్ కార్డు చూపించి సున్నా టికెట్ తీసుకుంది. కూతురి పుణ్యాన సగం ఖర్చు తప్పిందని కండక్టరు నన్ను ఆటపట్టించాడు. వ్యాను కొనడానికి పోతున్నామని అతనికే కాదు, పక్క సీటు వాళ్ళకూ చెప్పేశాను. రమ నా మోచేతిని పొడుస్తూనే ఉంది.

మేం చేరేసరికి వ్యాను పెళ్ళికొడుకులా మెరుస్తోంది. చేయి మారబోయే బండి కదా అని సుబ్బయ్య గారు తెల్లవారే కడిగించి, గుడికి తీసుకెళ్ళి పూజ చేయించి, దండ వేసి అప్పుడే తెచ్చి నిలబెట్టారు. నాకు కళ్ళు చెమర్చాయి. రమ మాత్రం ఇంజను మీద మూత తాకి చేయి వెనక్కి తీసుకుంది. వేడిగా ఉన్న ఇంజను ఎట్లాగైనా స్టార్టవుతుందట, అందుకే చల్లారాక చూస్తానంది. అంతదాకా ఊరికే కూర్చోబెడతారా? ఆయన ఇంట్లో జొన్న రొట్టెలు, గోంగూర పప్పు, గడ్డ పెరుగుతో భోజనం పెట్టారు. అంత ప్రేమగా వడ్డించాక ఇక వాళ్ళ బండికి ఏ నోటితో వంకలు పెట్టాలని నాకు మొహమాటం పట్టుకుంది. ఆ మాటే రమ చెవిలో వేశాను.

"అన్నం పెట్టిన పెదనాయన మనకు చెడ్డ బండి అంటగట్టాలనుకోడులే నాయనా. చూస్తేనే ఆయనకూ మంచిది," అంది.

చల్లారిన ఇంజను ఒక్క తిప్పుకే పలికింది, పొగ రాలేదు. ఆయిల్ శుభ్రంగా ఉంది. టైర్లు నాలుగూ సమానంగా అరిగాయి. స్టార్టు చేయకముందే తీసి చూసిన రేడియేటరు మూత దగ్గర మాత్రం తెల్లటి పెచ్చు కనిపించింది. మన ఇళ్ళలో నీళ్ళు కాచే గిన్నెల అడుగున కడుతుందే, అదే. ఏం నీళ్ళు పోస్తారని అడిగితే సుబ్బయ్య గారు గర్వంగా చెప్పారు.

"నీళ్ళు ఏనాడూ తగ్గనీలేదమ్మా. వారం వారం మా బోరు కాడ పట్టి నేనే పోసినాను."

మన పడమటి బోరు నీళ్ళలో ఎంత సున్నం ఉంటుందో మీకు తెలిసిందే. రమ దుకాణంలోని బట్టల మూటలు వెనక వేయించమంది. గుండిగల బరువంత బరువుతో నంద్యాల దారిలో దిగువమెట్ట దాటి నల్లమల ఘాటెక్కాం. సుబ్బయ్య గారూ మాతో వచ్చారు. నాలుగు మలుపులు తిరిగేసరికి వేడి చూపించే ముల్లు ఎర్ర గీత వైపు జరిగింది. రమ బండి పక్కకు తీసి ఆపేసింది. అరగంట చల్లార్చి, మెల్లగా వెనక్కి దిగాం.

గిద్దలూరులో మెకానిక్ మస్తాన్ విప్పి చూసి, రేడియేటరు లోపలి గొట్టాలు పెచ్చుతో పూడుకుని నీళ్ళు తిరగడం లేదని చెప్పాడు. "ఇంజనుకు దెబ్బ తగల్లేదక్కా. ఆయిల్లో నీళ్ళు కలవలేదు. ఇంకో ఎండాకాలం ఇట్లనే పోసింటే కలిసేటివి," అన్నాడు. సుబ్బయ్య గారి ముఖం చిన్నబోయింది.

"బాగా చూసుకుంటాండానని అనుకొని నేనే చెరిపినా తల్లీ. కొత్తది నేనే వేయిస్తా. మళ్ళా ఘాటెక్కించు. ఎక్కకపోతే నువ్వు కొనొద్దు," అన్నారు.

కొత్త రేడియేటరు, అందులో నీళ్ళకు బదులు పోసే కూలెంటు వేయించేసరికి నాలుగయింది. అవే మూటలతో అదే దారి ఎక్కాం. మొదటిసారి ఆగిన మలుపు దాటాం, దాని పైది దాటాం, పైదాకా వెళ్ళాం. ముల్లు మధ్యలోనే ఉంది. పైన బండి ఆపి రమ స్టీరింగ్ మీద తల ఆనించింది. ఏడుస్తోందేమోనని కంగారుపడ్డాను. తలెత్తితే నవ్వుతోంది.

"ఇంగ బేరం మాట్లాడు నాయనా," అంది.

ఆ బేరం నేను సరిగ్గా మాట్లాడలేదు, సంతోషంలో ఆయన అడిగినదానికే తల ఊపాను. రేడియేటరు ఖర్చు ఆయనే పెట్టుకున్నారు కదా, దానికి రమ కూడా ఏమీ అనలేదు. వంకలు వెతకడమంటే ఎదుటి మనిషిని నమ్మకపోవడమని ఇన్నేళ్ళూ అనుకున్నాను. ఆ రోజు రమ ప్రతి ప్రశ్నా ఆయన ముఖం చూసి, మర్యాదగా అడిగింది. ఆయన కూడా తెలిసిందంతా దాచకుండా చెప్పారు. కాగితాల పని చూసుకుని, చీకటి పడే వేళకు మా వ్యానులో ముందు సీట్లో కూర్చుని కంభం దాటుతుంటే, దారిలో కనిపించిన ప్రతి బస్సుకూ చేయి ఊపాలనిపించింది. రెండు బస్సులకు ఊపాను కూడా. మీరూ ఈ వైపు పాత వ్యాను చూడబోతే, అడ్వాన్సు ఇవ్వకముందే మీరు రోజూ మోసేంత బరువు వేసుకుని, ఎండ ఉన్నప్పుడే ఒకసారి ఘాటెక్కించండి.