వద్దంటే ఆపుతారా?

పక్క గదిలో మా కొత్త డాక్టరు ఒక తల్లికి సమ్మతి పత్రం గడగడా చదివి వినిపిస్తున్నాడు. ఊపిరి తీసుకోవడానికైనా ఆగని ఆ గొంతు చెవిన పడగానే నాకు ఒళ్లు మండింది. ఈ రోగం నాకు అంటించింది రజియా మేడమ్. పంజాగుట్టలో పిల్లల గుండె జబ్బులు చూసే ఆసుపత్రిలో ఆవిడ కింద పనిచేసినప్పుడు, ఆవిడ నన్ను విసిగించినంతగా మరెవరూ విసిగించలేదు.

గుండె ఆపరేషన్ అయిన పిల్లలు త్వరగా కోలుకోవడానికి ఒక మందు పనికొస్తుందా అని అప్పట్లో పరిశోధన చేస్తుండేవాళ్లం. అందులో పిల్లల్ని చేర్చుకోవాలంటే తల్లిదండ్రుల సంతకం కావాలి. నేను చెప్పింది వాళ్లు తిరిగి చెప్పగలిగితే తప్ప మేడమ్ సంతకం తీసుకోనిచ్చేవారు కాదు. బయట జనం క్యూలో విసుక్కుంటుంటే, లోపల ఒక్కొక్కరితోనే పూటంతా గడిచిపోయేది. అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో కూడా ఇంతగా అప్పజెప్పించుకోరని నేను గొణిగితే, వినబడనట్టు కళ్లద్దాలు తుడుచుకునేవారు.

ఒకరోజు స్వప్న వచ్చింది. కృష్ణానగర్‌లో ఉంటూ సినిమాల్లో చిన్నాచితకా వేషాలు వేసే మనిషి. మూడేళ్ల కొడుకు గుండెలో రంధ్రం. నేను చెప్పిందంతా ఒక్క అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పేసింది. హమ్మయ్య అనుకుని పెన్ను అందించబోతే మేడమ్ నా చెయ్యి పట్టుకున్నారు.

"డైలాగ్ మస్తు చెప్పింది. గని ఆమెకేం సమజైంది? మళ్ల చెప్పు."

తల బాదుకోవాలనిపించింది. మళ్లీ చెప్పాను. ఈసారి మేడమ్ కుర్చీ స్వప్న దగ్గరికి జరుపుకుని, ఇంట్లో అత్తకు ఎలా చెబుతావో అలా చెప్పమన్నారు. స్వప్న బాబు చొక్కా గుండీలు సవరించింది.

"గీ మందు పనిచేస్తదో లేదో మీకు సుత తెల్వదు. తెలుసుకోనీకె మా బాబుకిస్తరు," అని ఆగింది. "వద్దంటే ఆపరేషన్ ఆపుతరా మేడమ్?"

"ఆపం బిడ్డా. గది వేరే, గిది వేరే."

"అయితే వద్దు."

ఒక్క పొరపాటు దొర్లినా బాబు ఆపరేషన్ ఆగిపోతుందనే భయంతో ఆ మనిషి అంతా బట్టీ పట్టిందని అప్పుడు తెలిసింది. పరిశోధనలోకి ఎంతో కష్టపడి తెచ్చుకున్న బిడ్డ చేజారిందని నేను ఉడికిపోతుంటే, మేడమ్ తీరిగ్గా చాయ్ తెప్పించుకున్నారు. బాబుకు ఆపరేషన్ అనుకున్న రోజునే జరిగింది. బాగైంది కూడా. అయినా నా కోపం చాలాకాలం తగ్గలేదు.

ఇప్పుడు అలాంటి పరిశోధనల బాధ్యత నాది. తల్లి కూర్చోగానే, వద్దన్నా ఆపరేషన్ ఆగదని ముందే చెబుతాను. ఆ మాట విని సంతకం పెట్టకుండానే లేచి వెళ్లిపోయేవాళ్లు బోలెడంత మంది. పని నత్తనడక నడుస్తుంది, పైవాళ్లు సణుగుతారు, నేను మేడమ్‌ను తిట్టుకుంటాను. కానీ ఆ మాట విన్నాక, బిగబట్టుకుని కూర్చున్న తల్లి ఒక్కసారి ఊపిరి వదులుతుంది. అది చూడందే నాకు కాగితం బయటికి తీయబుద్ధి కాదు.