బి బ్లాక్ వైపు తిప్పకూడని లెన్సు

నా దగ్గర ఒక లెన్సు ఉంది. డెబ్బై నుంచి రెండు వందల మిల్లీమీటర్ల దాకా జూమ్ అవుతుంది. తెల్లగా, మోచెయ్యంత పొడుగ్గా, కిలోన్నర బరువుంటుంది. క్రికెట్ మైదానం అంచున వరసగా కూర్చుని ఫోటోలు తీసేవాళ్ళ చేతుల్లో కనిపిస్తుందే, అదే. నేను ఏ మైదానం అంచునా కూర్చోలేదు. బీమా ఆఫీసులో కూర్చుంటాను. జనం పంపిన క్లెయిము కాగితాలు, విరిగిన బంపర్ల ఫోటోలు చూసి, "ప్రమాదం జరిగిన వెంటనే తెలియజేయలేదు" అని రాసి తిప్పి పంపడం నా ఉద్యోగం. ఈ పనికి అలాంటి లెన్సు ఎంత అవసరమో నా భార్యకు మూడేళ్ళుగా వివరిస్తూనే ఉన్నాను.

కొన్న కొత్తలో దాన్ని బ్యాగులో పెట్టుకుని ఎల్‌బీ నగర్‌లో మెట్రో ఎక్కబోయాను. స్కానర్ తెర మీద అదేదో ఫిరంగి గొట్టంలా కనిపించినట్టుంది. సెక్యూరిటీ ఆయన బ్యాగు తెరిపించాడు.

"గిదేంది సార్?"

"కెమెరా లెన్సు."

"గింత పెద్దదా? ఎందుకు సార్?"

ఆయన భద్రత కోసం అడిగాడు కానీ, ఆ ప్రశ్నకు నాకు ఈరోజుకీ సరైన జవాబు దొరకలేదు. పక్షుల కోసం అన్నాను. ఆయన నన్ను జాలిగా చూసి వదిలేశాడు.

బంధువులు మాత్రం దాని ప్రయోజనం వెంటనే కనిపెట్టేశారు. ఇక ఎవరింట్లో ఏ శుభకార్యమైనా ఫోటోగ్రాఫర్ ఖర్చు మిగిలినట్టే. దిల్‌సుఖ్‌నగర్‌లో మా బావమరిది కూతురి మొదటి పుట్టినరోజుకు నన్ను లెన్సుతో సహా పిలిచారు. వాళ్ళకు తెలియనిది, నేను చెప్పుకోలేనిది ఏమిటంటే, ఈ లెన్సుకు దగ్గరున్నవాళ్ళు కనపడరు. ఐదడుగుల లోపల ఏమున్నా అంతా మసకే. పిల్ల, కేకు, మేనమామలు అందరూ ఒక ఫ్రేములో పట్టాలంటే నేను హాల్లోంచి గుమ్మంలోకి, గుమ్మంలోంచి కారిడార్‌లోకి, అక్కడి నుంచి లిఫ్టులోకి వెనక్కి నడవాల్సి వచ్చింది. లిఫ్టు తలుపులు మూసుకున్నాయి. నేను కింది అంతస్తుకు వెళ్ళి వచ్చేసరికి కేకు కోయడం అయిపోయింది. ఫోటో మా బావమరిది తన ఫోనులో తీసుకున్నాడు. చాలా బాగా వచ్చింది.

అలా మనుషులతో పొత్తు కుదరక పక్షుల దగ్గరికి వెళ్ళాను. మేముండేది కర్మన్‌ఘాట్ దగ్గర, ఎదురెదురుగా ఉన్న రెండు బ్లాకుల అపార్టుమెంట్లో. మాది ఏ బ్లాక్, ఐదో అంతస్తు. ఆదివారాలు పొద్దున్నే టెర్రస్ ఎక్కి పక్షి వైవిధ్యాన్ని పరిశీలించేవాణ్ణి. వైవిధ్యం అంటే పావురాలు, ఇంకొన్ని పావురాలు. ఒకసారి గద్ద కనిపించింది కానీ అప్పటికి నేను మూత తీయలేదు.

నెల తిరగకుండానే అసోసియేషన్ ప్రెసిడెంటు పిలిచాడు. కరెంటు శాఖలో రిటైరైన పెద్దమనిషి. మా సెల్లార్‌లో వాటర్ ట్యాంకర్ మొదలుకుని వినాయకుడి దాకా ఆయన సంతకం లేకుండా ఏదీ లోపలికి రాదు.

"మీరు జర ఏమనుకోకుండ్రి సార్. బి బ్లాకోళ్ళు పరేషాన్ అయితున్రు. టెర్రస్ మీద బట్టలు ఆరేసుకోవాల్నంటే ఆడోళ్ళు భయపడుతున్రు."

"నేను పావురాల ఫోటోలు తీస్తున్నానండీ."

"పావురాలకు గంత లెన్సు ఎందుకు సార్? గవి మన కిటికీల మీదనే కూసుంటయ్ గదా."

మళ్ళీ అదే ప్రశ్న. నేను పదమూడేళ్ళుగా నెల నెలా మెయింటెనెన్సు కడుతూ, ఎవరి వంకా కన్నెత్తి చూడకుండా సంపాదించుకున్న మంచిపేరు ఆ లెన్సు గొట్టంలో పడి మాయమైంది. చివరికి రిజిస్టరులో రాయించుకున్నారు: టెర్రస్ మీద గానీ, ఇంట్లోంచి గానీ లెన్సును బి బ్లాక్ వైపు తిప్పను. కింద నా సంతకం, ఫ్లాటు నంబరు. రోజూ జనాల చేత సంతకాలు పెట్టించుకునేవాణ్ణి, ఆ రోజు నాకూ ఒక అవకాశం దక్కింది.

ఆరు నెలలు మాట మీద నిలబడ్డాను. ఏడో నెలలో, ఒక ఆదివారం, పెత్రమాస వచ్చింది.

ఆ అమావాస్యనాడు పెద్దలకు పెట్టుకుంటారు. విస్తట్లో అన్నం, కూరలు, వడలు, పాయసం వడ్డించి మేడ మీద పెడితే కాకి వచ్చి ముట్టాలి. అది ముడితే పెద్దలు తిన్నట్టు. ఏడాదంతా రాయి పెట్టి కొట్టే కాకిని ఆ ఒక్క పూట అందరూ బతిమాలుతారు. బి బ్లాక్‌లో పైఅంతస్తులో ఉండే ఆంటీ వాళ్ళది పోచంపల్లి వైపు మగ్గాల కుటుంబం, ఇప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల షాపు. ఆమె ఆ ఆదివారం విస్తరి పెట్టి, పక్కన పాయసం వెండి గిన్నెలో పెట్టింది. పోయిన వాళ్ళ మామగారు పాయసం వెండి గిన్నెలో తప్ప తాగేవాడు కాదట. బతికున్నప్పుడు ఆయనకు జరిగిన మర్యాద పోయాక తగ్గకూడదు కదా.

బి బ్లాక్‌కు నాలుగంతస్తులే కాబట్టి నేను మా పడకగది కిటికీలోంచి ఇదంతా చూస్తున్నాను. కాకులు పిట్టగోడ మీద చేరుతున్నాయి. నల్ల కాకి, తెల్లటి వెలుగు, పచ్చటి విస్తరి. మూడేళ్ళలో ఒక్క మంచి ఫోటో తీయని వాడికి అది ఎంత ఆశో మీకు చెప్పలేను. తెరచాటున నిలబడి, దొంగలా లెన్సు బయటికి పెట్టాను.

కాకి విస్తరి దగ్గరికి రాలేదు. వాటర్ ట్యాంకు వెనక నుంచి కోతి వచ్చింది. మాకు హనుమంతుడి గుడి దగ్గరే కాబట్టి కోతులకు కొరత లేదు. అది విస్తరి ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుంది, వడలు తింది, పాయసం నాకింది, గిన్నె చేత పట్టుకుని ట్యాంకు మీదికెక్కింది. అక్కడ ఒక్క క్షణం ఆగి నేరుగా నా లెన్సులోకి చూసింది. తర్వాత అవతలి మేడ మీదికి దూకి పోయింది. పదకొండు ఫ్రేములు. ప్రతి వెంట్రుకా కనిపిస్తోంది. జీవితంలో మొదటిసారి ఆ లెన్సు పెట్టిన డబ్బుకు న్యాయం చేసింది.

అదే సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ. సెల్లార్‌లో కార్లు బయటికి తీసి ఆడవాళ్ళు బతుకమ్మలు పెట్టారు. మా దగ్గర పాట ఎత్తుకునేది వాచ్‌మన్ భార్య. నల్లగొండ వైపు మనిషి. రెండు బ్లాకులూ ఊడ్చేది, మెట్లు కడిగేది కూడా ఆమే. ఆమె గొంతు ఎత్తితే నాకు ఐదో అంతస్తులో వినిపిస్తుంది, మిగతా వాళ్ళు చప్పట్లతో అందుకుంటారు. ఆ సాయంత్రం పాట మధ్యలో ఆగిపోయింది. కిందికి వెళ్ళి చూశాను.

"టెర్రస్ ఊడ్వనీకి నువ్వు తప్ప ఎవరెక్కుతరే?" అంటోంది ఆంటీ. "విస్తరి నువ్వే తీసినవ్ గదా. గిన్నె యాడ పోయింది?"

"నేను పోయేసరికి గిన్నె లేదమ్మా. ఒట్టు. బతుకమ్మ మీద ఒట్టు."

ప్రెసిడెంటు మధ్యవర్తిగా వచ్చి, అనుమానం తీరిపోతే ఆమెకే మంచిదన్నాడు. మోటారు గది పక్కనున్న వాళ్ళ గది తెరిపించాడు. ట్రంకుపెట్టె వాచ్‌మనే బయటికి లాగి, బట్టలన్నీ తనే నేల మీద కుమ్మరించాడు. రెండు చీరలు, రేషన్ కార్డు, పిల్లల స్కూలు కాగితాలు. ఆమె గోడకు ఆనుకుని నిలబడి భర్తనే చూస్తోంది. గిన్నె ఎక్కడి నుంచి దొరుకుతుంది?

నా జేబులో మెమరీ కార్డు ఉంది. కంప్యూటర్‌లో పెట్టి చూసుకుందామని తీసి జేబులో వేసుకున్నాను. నాలుగడుగులు ముందుకు వేస్తే చాలు. కానీ మీరు న్యాయంగా ఆలోచించండి, నేను ఏమని చెప్పాలి? రాసిచ్చిన మాట తప్పి, కిటికీ తెరచాటు నుంచి బి బ్లాక్ టెర్రస్ ఫోటోలు తీశాను, ఇవిగో అనాలి. అక్కడ ఇరవై మంది ఆడవాళ్ళున్నారు. అసలు గిన్నె ఎక్కడో పడిపోయి ఉంటుంది, రేపు ఎవరికో దొరుకుతుంది, ఈ గొడవ దానంతట అదే సర్దుకుంటుంది అనుకున్నాను. సర్దుకోవడానికి దానికి ఒక రాత్రి సమయం ఇచ్చి లిఫ్టు ఎక్కేశాను.

సోమవారం సర్దుకోలేదు. సెల్లార్‌లో బతుకమ్మ పాటలు బ్లూటూత్ స్పీకర్‌లోంచి వచ్చాయి. మంగళవారం కూడా స్పీకరే. మెట్లు ఎప్పటికన్నా శుభ్రంగా ఉన్నాయి. ఆమె తల దించుకుని రుద్దిందే రుద్దుతోంది. నేను మెట్రోకు వెళ్ళేటప్పుడు ఎదురుపడితే పక్కకు జరిగి దారిచ్చింది. నేను ఆఫీసుకు పోయి, ఆలస్యంగా తెలియజేసిన వాళ్ళ క్లెయిములు రెండు తిప్పి పంపాను.

బుధవారం పొద్దున కాఫీ ఇస్తూ నా భార్య చెప్పింది. "విన్నారా? వాచ్‌మన్ వాళ్ళని పండగ వెళ్ళగానే ఖాళీ చెయ్యమన్నారంట. పాపం, పిల్లల చదువులు మధ్యలో ఉన్నాయండీ."

అప్పుడు లేచి వెళ్ళి, కార్డు మళ్ళీ కెమెరాలో పెట్టి తెచ్చి ఆమెకు చూపించాను. ఆమె పదకొండు ఫోటోలూ చూసింది. కోతిని చూసి నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"ముందు కిందికెళ్ళి చూపించి రండి," అంది. "నేను మాట్లాడేది తర్వాత మాట్లాడతాను."

ప్రెసిడెంటు ఇంట్లో ఆంటీని పిలిపించి చూపించాను. ఆంటీ ట్యాంకు మీదున్న కోతి ఫోటో దగ్గర ఆగి రెండు చేతులూ జోడించింది.

"మా మామనే! కాకి రూపంల ఎందుకొస్తడు, ఆయన హనుమాన్ భక్తుడు. గిన్నె గూడ ఎంబడి తీస్కపోయిండు సూడు! సార్, గీ ఫోటో పెద్దగ చేపిచ్చి ఫ్రేం కట్టిచ్చియ్యిన్రి. షాపుల పెట్టుకుంటం."

ప్రెసిడెంటు కళ్ళజోడు సవరించుకున్నాడు. "అంటే సార్, మీరు మళ్ళ బి బ్లాక్ దిక్కు తిప్పిన్రన్నట్టు."

"తిప్పాను."

"ఈసారికి మాఫీ. దేవుని పని గాబట్టి." తర్వాత గుర్తొచ్చినట్టు ఇంటర్‌కామ్ ఎత్తి, "అరే, మీరు ఖాళీ చేసుడు అక్కర్లేదు, ఉండుండ్రి," అని పెట్టేశాడు. అంతే. కోతికి దండం పెట్టిన చేతులకు ఇంకెవరికీ పెట్టాల్సిన పని లేకపోయింది.

కెమెరా మెడలో వేసుకుని కిందికి దిగాను. నిజం చెప్పాలంటే కొంచెం గర్వంగానే ఉంది. ఒక కుటుంబాన్ని నిలబెట్టానని, ఎందుకు సార్ అన్నవాళ్ళందరికీ ఇదిగో జవాబని. వాచ్‌మన్ భార్య మోటారు గది దగ్గర బకెట్ కడుగుతోంది. నన్ను చూసి లేచి చేతులు చీరకు తుడుచుకుంది.

"ఫోటో చూపిచ్చిన్రంట గదా సార్. మీకు పుణ్యముంటది."

"దాందేముందిలే," అన్నాను, చాలా ఉదారంగా.

"జర మా ఆయనకు గూడ చూపియ్యిన్రి సార్. అందరు నమ్మిన్రు, మంచిదే. ఆయన మూడు దినాల సంది నాతోని సక్కగ మాట్లాడుత లేడు."

వాచ్‌మన్ గదిలోంచి వచ్చాడు. కెమెరా తెర మీద ఒక్కొక్క ఫోటో జరిపి చూపించాను. కోతి వడ తినడం, గిన్నె ఎత్తుకోవడం, ట్యాంకు ఎక్కడం. అతను చివరి ఫోటో దగ్గర "ఓరి దీని" అని పెద్దగా నవ్వాడు, తర్వాత నవ్వు ఆపేసి భార్య వైపు చూశాడు, చూడలేక మళ్ళీ కోతినే చూశాడు. ఆమె కూడా తెర మీదికి వంగింది. ఆమె చూస్తున్నది కోతిని కాదు. కింద మూలన చిన్న తెల్ల అంకెలున్నాయి. ఇంకా తడి ఆరని వేలు వాటి మీద పెట్టింది.

"గిదేంది సార్?"

"తేదీ. ఫోటో తీసిన టైము."

"ఏ దినంది?"

ఆమె నాకు రెండడుగుల దూరంలో ఉంది.

"ఆదివారంది," అన్నాను. "పొద్దున పదకొండింటికి."

ఆమె వేలు తీసేసి, తెర మీద పడిన తడిని కొంగుతో తుడిచింది. తర్వాత బకెట్ తీసుకుని మెట్లు కడగడానికి వెళ్ళింది.