ఎవరినీ కొట్టని సారు

పెనుకొండలో మాకు లెక్కలు చెప్పిన సారు ఒక్క పిల్లవాడి మీద కూడా చెయ్యి వేసి ఎరగడు. తొంభైల్లో అది వింతే. తక్కిన సార్ల చేతుల్లో చింతబరికెలు ఉండేవి. ఈయన చేతిలో సుద్దముక్క తప్ప ఏమీ ఉండేది కాదు. కొట్టే పని మాకు అప్పగించాడు.

పద్ధతి ఇది. సారు లెక్క అడుగుతాడు. తెలియనివాళ్లు లేచి వరుసగా నిలబడతారు. ఎవడు సరిగ్గా చెబితే వాడు వెళ్లి ఒక్కొక్కరి ముక్కు ఎడమచేత్తో పట్టుకుని, కుడిచేత్తో చెంప మీద కొట్టాలి. జాలిపడి మెల్లగా కొట్టాడంటే, సారు ఆ దెబ్బ తిన్నవాడినే పిలిచి, ఎట్లా కొట్టాలో వానికి చూపించు అనేవాడు. అప్పుడు మెల్లగా కొట్టినవాడి చెంప పగిలేది. అందుకని ఎవడూ జాలిపడేవాడు కాదు.

నాకు లెక్కలు బాగా వచ్చు. రోజూ పది పదిహేను చెంపలు నా చేతికింద పడేవి. గంట కొట్టేసరికి అరచెయ్యి కంది మండేది. అబద్ధం చెప్పను, నాకది బాగుండేది. మా నాయన ఇంట్లో నన్ను బెల్టుతో బాదిన రోజున బడిలో నా దెబ్బ ఇంకా గట్టిగా పడేది.

నా పక్కన కూర్చునేవాడు ధర్మవరం నేతపనివాళ్ల అబ్బాయి. పెనుకొండలో అవ్వ ఇంట్లో ఉండి చదువుకునేవాడు. ఇద్దరం ఒకే టిఫిన్ డబ్బాలో తినేవాళ్లం. ఒకరోజు వాడు లెక్క చెప్పలేక నిలబడ్డాడు. నేను వాడి చెంపను ఊరికే తాకి వదిలేశాను. సారు కనిపెట్టాడు. వాడిని పిలిచి చూపించమన్నాడు. వాడు సారుకు భయపడి నన్ను లాగి ఒకటిచ్చాడు. కళ్లు బైర్లు కమ్మాయి. క్లాసంతా నవ్వింది. ఆ నవ్వును నేను రాత్రంతా మోశాను.

మర్నాడు వాడు మళ్లీ నిలబడ్డాడు. ఈసారి నేను చెంపకు గురిపెట్టలేదు. అరచెయ్యి వెడల్పుగా చాచి చెవి మీద కొట్టాను. వాడు కూలబడ్డాడు. చొక్కా కాలరు మీద రక్తం బొట్లు పడ్డాయి. తర్వాత చీము పట్టింది. వాళ్లవ్వ బడికి వచ్చి, మా పిల్లోని చెవి ఎవురు పగలగొట్టినారని సారును నిలదీసింది.

"నేను పిల్లోళ్ల మింద చెయ్యి యేసేవాణ్ణి కాదవ్వా. యాడన్నా అడుగు" అన్నాడు సారు.

ఆయన పేరు ఊరికంతా తెలుసు. ఆమె దండం పెట్టి వెళ్లిపోయింది. నేను రెండో బెంచీలో తల దించుకుని కూర్చున్నాను. వాడి ఎడమచెవి పూర్తిగా పోయిందని తర్వాత తెలిసింది. వాడు చదువు మాని ధర్మవరం వెళ్లి మగ్గం గుంటలో కాళ్లు పెట్టాడు.

రెండువేల ఏడు, ఎనిమిది ప్రాంతంలో నేను హిందూపురంలో ఒక కంప్యూటర్ సెంటర్‌లో జావా చెప్పేవాణ్ని. మేడమీద ఒక హాలు, పది సిస్టములు, ఇరవైమంది మీసాలొచ్చిన మొగపిల్లలు. మొదటివారం గోల భరించలేక ముక్కు పట్టించి కొట్టించే పద్ధతి పెట్టాను. గోల అణిగిపోయింది. ఇదెక్కడిదని నన్నెవరూ అడగలేదు, నన్ను నేనూ ప్రశ్నించుకోలేదు.

ఆ బ్యాచ్‌లోకే నా ధర్మవరం స్నేహితుడు, వాడొచ్చాడు. మరమగ్గాల దెబ్బకు చేతిమగ్గం ఆగిపోయింది. దూరవిద్యలో డిగ్రీ కట్టాడు. బెంగళూరులో ఉద్యోగం కావాలి, అక్కడ ముందు ఫోన్‌లో ఇంటర్వ్యూ చేస్తారు. ఉన్న ఒక్క చెవితోనే నెగ్గాలి. ఏమబ్బా బాగుండావా అని పలకరించాడు. చెవి సంగతి వాడూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. రోజూ ఎడమగోడకు ఆనుకుని, కుడిచెవి క్లాసువైపు ఉండేలా కూర్చునేవాడు. సరైన జవాబు చెప్పిన రోజు లేచి అందరి చెంపలూ దుమ్ము దులిపినట్టు తాకి వచ్చేవాడు. నేను చూడనట్టు బోర్డువైపు తిరిగేవాణ్ని.

ఆరోజు పాఠం కాన్ఫిగరేషన్ గురించి. ఆబ్జెక్టుకు కావలసినవి అది తానే వెతుక్కోదు, వాటిని తయారుచేసే కంటైనరు అనేది మనం రాసిన ఫైలు చదివి అమర్చిపెడుతుంది. డేటాబేస్ కనెక్షన్లు నాలుగుంటే నాలుగింటికీ అవే వివరాలు రాయక్కర్లేదు. ఒక పేరెంటు రాసి, చైల్డులో మారినది ఒక్కటే రాస్తే చాలు. రాయనిదంతా పేరెంటు నుంచి వచ్చేస్తుంది. వద్దనుకుంటే వద్దని చైల్డులో రాసి తీరాలి, ఊరుకుంటే పోదు. ఇక పేరెంటును అబ్‌స్ట్రాక్ట్ అని రాస్తే దానితో ఆబ్జెక్టే తయారవదు. అది ఇవ్వమని కంటైనరును అడిగితే ఎర్రర్ వస్తుంది. నడిచే ప్రోగ్రాములో ఉండేది చైల్డు మాత్రమే.

ఇదంతా చెప్పి, బోర్డువైపు తిరిగి రాస్తూనే ప్రశ్న వేశాను. పేరెంటులో టైమవుట్, అంటే జవాబు కోసం ఆగే గడువు, ముప్పై సెకన్లు. చైల్డులో అడ్రసు మాత్రమే మార్చాం. చైల్డు టైమవుట్ ఎంత? బోర్డువైపు తిరిగి అన్న మాట వాడి ఒక్క చెవికి అందలేదు. తెలియనివాళ్లంతా లేచి వరుసగా నిలబడ్డారు, వాళ్లతో వాడూ నిలబడ్డాడు. చివరికి రొళ్ల నుంచి వచ్చే కుర్రాడు లేచి ముప్పై అన్నాడు. కానియ్, మొదలుపెట్టు అన్నాను.

ఆ కుర్రాడిది ఎడమచేతివాటం. ఆ సంగతి నాకు తెలుసు. ముక్కు కుడిచేత్తో పట్టుకుని ఎడమచేత్తో కొడుతూ వస్తున్నాడు. ప్రతి దెబ్బా కుడిచెంప మీద పడుతోంది. వాడికి ముందు ఇంకా నలుగురున్నారు, ముగ్గురున్నారు. ఆగమంటే అయిపోయేది. కానీ అందరూ చూస్తుండగా వాడి ఒక్కడి కోసం ఎందుకు ఆపావంటే ఏం చెప్పాలి? నా పరువే నాకు ఎక్కువైంది. ఆ చెయ్యి లేచింది, వాడి కుడిచెవి మీద పడింది.

వాడు గోడకు కొట్టుకున్నాడు. నేను పరుగెత్తి పట్టుకుని ఏదో అన్నాను. వాడు నా పెదాల వంక చూస్తున్నాడు. మాట వినపడలేదని తెలిసింది. చెవి దగ్గర అరిచాను. చిటికెలు వేశాను. ఎంతసేపో తెలియదు, చివరికి బల్ల మీద నేను గుద్దిన చప్పుడుకు వాడు అదిరిపడ్డాడు. వినపడింది. నేను ఏడుస్తున్నాను.

వాడు మెల్లగా నిలబడి నా ముక్కు పట్టుకున్నాడు.

"నా చెవి పగలగొట్టింది ఎవురు?"

"సారు కొట్టమన్నాడు" అన్నాను.

చెంప ఛెళ్లుమంది.

"కొట్టమనింది ఎవురని అడగలే. కొట్టిందెవురు?"

మళ్లీ సారు అన్నాను. మళ్లీ పడింది, పెదవి చిట్లి రక్తం నోట్లోకొచ్చింది. ఏళ్లతరబడి మగ్గం పలక లాగి గట్టిపడిన చెయ్యి అది. మూడోసారి చెయ్యి లేచినప్పుడు "నేను, నేనే" అన్నాను. వాడు చెయ్యి దించాడు. ముక్కు వదిలి, గోడవారకు వెళ్లి కూర్చుని, టైమవుట్ సంగతి ఇంకోసారి చెప్పమన్నాడు. రక్తం తుడుచుకుంటూ చెప్పాను.

ఆరోజు నుంచి కొట్టించడం మానేశాను. మానేశానని మాత్రం ఎవరికీ చెప్పలేదు. చూశారు కదా, అర్థమై ఉంటుందనుకున్నాను.

వారం తర్వాత పెనుకొండ నుంచి బస్సు ఆలస్యమై గంట లేటుగా వెళ్లాను. మెట్లు ఎక్కుతుంటేనే చెంపదెబ్బల చప్పుడు వినిపించింది. కొత్త బ్యాచ్ వాళ్లను ఊరికే కూర్చోబెట్టకూడదని రొళ్ల కుర్రాడు పాఠం చెబుతున్నాడు. పదిమంది నిలబడి ఉన్నారు. వాడూ మా క్లాసు కోసం వచ్చి గోడవార కూర్చుని ఉన్నాడు. ఒకడు ముక్కులు పట్టుకుంటూ వస్తున్నాడు. నా మొహం చూసి రొళ్ల కుర్రాడు కంగారుపడ్డాడు.

"నేనెవుర్నీ కొట్లేదు సార్. సరిగ్గా చెప్పినోళ్లే కొడ్తాండారు."

నేను సుద్దముక్క తీసుకుని బోర్డు మీద రాశాను. ఈ గదిలో ఎవరూ ఎవరినీ కొట్టకూడదు, ఇన్నాళ్లూ కొట్టించింది నేను. కింద నా పేరు పెట్టాను. గోడవార కూర్చున్నవాడికి కూడా కనపడేలా పెద్ద అక్షరాలతో రాశాను.