ఫణీంద్ర గారి పాలగుట్ట ప్రోగ్రాం

చిక్కడపల్లిలో ఎవరు కాశీకి పోవాలన్నా ముందు ఫణీంద్ర గారింటికి పోవాల్సిందే. ఏ రైలెక్కాలి, ఏ స్టేషన్లో మంచినీళ్లు పట్టుకోవాలి, గయలో ఎన్నింటికి పని ముగించుకుని ఎన్నింటికి ఆటో ఎక్కాలి, అన్నీ కాగితం మీద వేసి చేతిలో పెట్టేవారు. పోయి వచ్చినవాళ్లు "అచ్చం మీరు రాసినట్టే అయింది సార్" అని ప్రసాదమిచ్చి దండం పెట్టేవాళ్లు. ఆయన మాత్రం కాశీ చూడలేదు, గయ చూడలేదు. ఆ మాటకొస్తే వరంగల్ దాటింది ఒక్కసారే, అదీ బావమరిది పెళ్లికి.

తప్పంతా ఆ ఉద్యోగానిది. ఒక సర్కారు ఆఫీసులో ముప్పై ఏళ్లుగా పెద్దసార్ల టూర్ ప్రోగ్రాములు తయారుచేసే సీటు ఆయనది. 'ఉదయం 7.10కి బయలుదేరుట. 9.35కు చేరుట. 9.35 నుంచి 9.50 వరకు అల్పాహారం.' పెద్దసార్లు జీపెక్కి పోతే, ఈయన కుర్చీలో కూర్చుని గడియారం చూసి, "ఇప్పుడు ఇడ్లీ తింటుంటారు" అని చెప్పేవారు. నిజమయ్యేది కూడా. ఏం లాభం? ఇడ్లీ తిన్నది వాళ్లు.

2012 చలికాలం మొదట్లో నారాయణగూడలో ఎముకల డాక్టరు ఆయన మోకాళ్ల ఎక్స్‌రేను వెలుగుకు పట్టి చూసి, "ఏడాదో, ఏడాదిన్నరో సార్. తర్వాత మెట్లు గూడ ఎక్కద్దు" అన్నాడు. మందుల చీటీ జేబులో పెట్టుకుని ఇంటికి నడుస్తున్న ఫణీంద్ర గారికి నడిరోడ్డు మీద ఏడుపొచ్చినంత పనైంది. యాభై ఏడేళ్లొచ్చాయి. ఎంతమందిని ఎన్ని కొండలెక్కించారు! తన కాళ్లతో తాను ఒక్కటంటే ఒక్క కొండ ఎక్కలేదే! ఎక్కాలి. మెట్లున్నది, క్యూ ఉన్నది, మైకున్నది కాదు. చప్పుడు లేని కొండ కావాలి. ఫంక్షన్ హాలుకు ఎదురుగా అపార్ట్‌మెంట్‌లో ఇల్లున్న మనిషి ఇంకేం కోరుకుంటాడు? ముహూర్తాలొచ్చాయంటే ఆయనకు రోజుకు రెండు బరాత్‌లు, నాలుగు బ్యాండ్లు.

పేపరు చదవడానికి రోజూ పొద్దున లైబ్రరీకి పోయే దారిలో, అశోక్‌నగర్‌లో ఒక అపార్ట్‌మెంట్ కడుతున్నారు. అక్కడ కూలిపని చేసే మాసయ్యది అచ్చంపేట దిక్కు. మర్నాడు ఫణీంద్ర గారు అతన్ని ఆపారు.

"మాసయ్యా, మీ దిక్కు గుట్టలున్నయా?"

"గుట్టలే ఉన్నయి సార్. గవ్వే తిని బతుకస్తలేదని ఈడికొచ్చినం."

"మనుషులు ఎక్కువ పోని గుట్ట ఏదన్న ఉన్నదా?"

మాసయ్య సిమెంటు తట్ట కింద పెట్టాడు. "మా ఊరెన్క పాలగుట్ట ఉన్నది. ఆడేముంటది సార్? ఏం లేదు."

"గుడి?"

"లేదు."

"చాయ్ దుకాణం?"

"లేదు సార్. మీద ఒక పెద్ద బండ, గాలి. గంతే."

"మైకు?"

మాసయ్యకు ఆయన మీద జాలేసింది. "సార్, నిజంగ ఏం లేదు. పరేషాన్ అయితరు."

ఫణీంద్ర గారి మొహం పెళ్లికొడుకు మొహంలా వెలిగిపోయింది.

వారం రోజులు కూర్చుని ప్రోగ్రాం రాశారు. డిసెంబర్ 23, ఆదివారం. ఉదయం 5.00కు మహాత్మాగాంధీ బస్టాండులో బయలుదేరుట. 8.30కి అచ్చంపేట చేరుట. 9.30కి గుట్ట మొదలు. 11.40కి శిఖరం. 11.40 నుంచి 12.40 వరకు నిశ్శబ్దం. అంత అందమైన ప్రోగ్రాం ఆయన కలం నుంచి ఎన్నడూ రాలేదు. చివర సంతకం చేశారు. సంతకం చేశాక ముప్పై ఏళ్ల చెయ్యి ఊరుకుంటుందా? దాని పని అది చేసింది. 'ప్రతులు: అపార్ట్‌మెంట్ అసోసియేషన్ అధ్యక్షులు రామచంద్రం గారికి, సమాచార నిమిత్తం. లైబ్రరీ పేపర్ల బల్ల మిత్రులకు, సమాచార నిమిత్తం. ఇందిరా పార్కు పొద్దుటి నడక బృందానికి, తగు చర్య నిమిత్తం.' ఆ తగు చర్య ఏమిటో రాసినాయనకే తెలియదు. జిరాక్సులు తీయించి, ఎవరివి వాళ్లకు స్వయంగా అందజేసి, ఇంటికొచ్చి హాయిగా భోంచేశారు.

మూడోరోజు రామచంద్రం తలుపు తట్టాడు. రిటైరైన బ్యాంకు మనిషి. చేతిలో కాపీ, కళ్లలో మెరుపు.

"అన్నా, ప్రోగ్రాం కిరాక్ ఉన్నది! బస్సు మాట్లాడిన."

"బస్సెందుకు?"

"ముప్పై నాలుగు మంది ఆటోల పడ్తరా?"

ఫణీంద్ర గారు కుర్చీ వెతుక్కుని కూర్చున్నారు. కాపీ పంపడమంటే పిలిచినట్టేనని అందరూ అనుకున్నారు. అనుకోరా మరి? 'తగు చర్య' అంటే వంటమనిషిని చూసుకోమని నడక బృందం అర్థం చేసుకుంది, చూసేసింది కూడా. ఆ సాయంత్రం అపార్ట్‌మెంట్ సెల్లారులో మీటింగు. పులిహోరా, బగారన్నమా అని అరగంట కొట్టుకున్నారు. హౌసీ ఆడాలంటే అంకెలు అందరికీ వినపడాలి కాబట్టి మైకు తెస్తానన్నాడు ఒకాయన. పైఅంతస్తు రాగిణి మాత్రం అసలు సంగతి పట్టుకుంది.

"అంకుల్, దేవుడు లేని గుట్టకు పిల్లగాండ్లను పట్టుకొని ఎందుకు పోవుడు?"

నిజమే కదా అన్నారు. పెద్దవాళ్లు ఎక్కలేరన్నారు ఇంకొకరు. అయితే దేవుడూ రోడ్డూ రెండూ ఉన్న గుట్టకు పోదామన్నాడు రామచంద్రం. చేతులెత్తించారు. ముప్పై మూడు చేతులు యాదగిరిగుట్టకు లేచాయి. 'అన్న మాట్లాడ్తలేడు, ఒప్పుకున్నట్టే' అని ముప్పై నాలుగోది రామచంద్రమే లెక్కేసుకున్నాడు. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది ఫణీంద్ర గారి పని.

ఇంటికొస్తే అసలు కుడితి అక్కడుంది. భార్య దమయంతి తలుపు తీసి పక్కకు జరిగింది. చేతిలో కాపీ.

"కూరగాయల బండికాడ రాగిణి ఇచ్చింది. 'ఆంటీ, మీకు ఎరుకనే కదా' అన్నది. ఆఁ, ఎరుకనే అన్న. ఏమంట?"

"అది కాదు దమయంతీ…"

"రామచంద్రం అన్నకు కాపీ. లైబ్రరీల తుమ్ముకుంట పేపర్ సదివే ముసలాయనకు కాపీ. నాకేది?"

"నువ్వు ఇంట్లనే ఉంటవు గద అని…"

ఆ మాట నోరు దాటిన మరుక్షణం ఫణీంద్ర గారికి నాలుక కొరుక్కోవాలనిపించింది. దమయంతి కళ్లు తుడుచుకుంది.

"ఉంట. ముప్పై ఏండ్ల సంది ఇంట్లనే ఉన్న. మీ మోకాళ్ల ఫొటో గూడ పరుపు కింద దొరికింది నాకు. డాక్టరు ఏమన్నడని అడుగుదామంటే, మీరే చెప్తరని చూసిన. ఊరందరికి చెప్పేటోళ్లు, నాకు చెప్పరా?"

ఆ తర్వాత వారం రోజులు ఆమె మాట్లాడలేదు. చాయ్ గ్లాసు బల్ల మీద పెట్టేది, పోయేది. అన్నం వడ్డించేది, పోయేది. ఎదురుగా బ్యాండు వాయిస్తూనే ఉంది గానీ ఇంట్లో మాత్రం చీమ నడిస్తే వినపడేంత నిశ్శబ్దం. దీనికోసమా తను గుట్టలు వెతుక్కున్నది? ఫణీంద్ర గారికి అన్నం సహించలేదు. ఇంత బతుకూ బతికి, పక్కనున్న మనిషికి ఒక్క ముక్క చెప్పడం చేతకాలేదని తనమీద తనకే కోపమొచ్చింది.

శనివారం పొద్దున యాదగిరిగుట్ట వాళ్లకు ప్రోగ్రాం రాసిచ్చేసి, "మోకాళ్లు సతాయిస్తున్నయి, నేను రాను" అని రామచంద్రానికి చెప్పారు. తర్వాత గది తలుపేసుకుని ఇంకో కాగితం తీశారు. పాలగుట్టదే. ఒక్కటే రాశారు, జిరాక్సు లేదు. అడుగున ఇలా ఉంది: 'ప్రతి: శ్రీమతి దమయంతి గారికి. మోకాళ్లకు డాక్టరు ఏడాది గడువిచ్చాడు. ఒక్క కొండ ఎక్కాలని ఉంది. తగు చర్య నిమిత్తం.' తీసుకెళ్లి చాయ్‌పత్తి డబ్బా కింద పెట్టారు.

దమయంతి అద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివింది. గుమ్మం దగ్గర తన చెప్పులు తిరగేసి చూసింది. చివరికి వారం తర్వాత మొదటి మాట మాట్లాడింది.

"చెప్పులు సరిపోతయా, బూట్లు కొనాల్నా?"

ఆదివారం తెల్లారేసరికి ఇద్దరూ అచ్చంపేట బస్సులో ఉన్నారు. ఫణీంద్ర గారు చెప్పి పంపితే ముందురోజే ఊరు చేరిన మాసయ్య గుట్ట మొదట్లో ఎదురొచ్చి, సగం దాకా దారి చూపించి, "ఇగ తొవ్వ ఒక్కటే, తప్పరు. నేనీడ కూసుంట" అని బీడీ వెలిగించుకున్నాడు. ఇంత దూరం వచ్చి బండ మీద కూర్చునేవాళ్లు ఉంటారని అతనికి ఇంకా నమ్మకం కుదరలేదు.

మోకాళ్లు అబ్బా అన్నాయి, అమ్మా అన్నాయి. పది అడుగులకోసారి కూర్చున్నారు. దమయంతి చెయ్యిచ్చి లేపింది, కొత్త బూట్లు కరుస్తుంటే తాను కూర్చుంది, ఈసారి ఆయన చెయ్యిచ్చారు. 11.40కి చేరాల్సిన బండ మీదికి 1.25కు చేరారు. ముప్పై ఏళ్లలో ఫణీంద్ర గారి ప్రోగ్రాం తప్పడం అదే మొదలు. మాసయ్య అబద్ధమాడలేదు, అక్కడ నిజంగా ఏమీ లేదు. కింద చెట్లు, చెట్ల వెనక చెట్లు, మొహానికి కొట్టే గాలి. ఎక్కేశానని ఆయన బండను చేత్తో తట్టి చూసుకున్నారు.

ఏడు నిమిషాలు గడిచాయి. ఫణీంద్ర గారు గొంతు సవరించుకున్నారు.

"దమయంతీ, అటు చూడు, ఆ చెట్లల్ల…"

దమయంతి కొంగుముడి విప్పి కాగితం తీసింది. నిశ్శబ్దం అని రాసిన చోట వేలు పెట్టి చూపించింది. ఆయన చేతి గడియారం తనవైపు తిప్పుకుని చూసింది.

"ఇంక యాభై మూడు నిమిషాలున్నది. ఊకోండి" అంది గుసగుసగా.

ఫణీంద్ర గారు ఊరుకున్నారు. చెప్పాల్సినవి ముప్పై ఏళ్లవి ఉన్నాయి మరి. గడియారం వైపు చూస్తూ, 2.25 ఎప్పుడవుతుందా అని కూర్చున్నారు.