రెండు లీగుల నడుమ గంగమ్మ చాటింపు

నా చిన్నప్పుడు, తొంభైల నాటి ఒక ఎండాకాలంలో, మా పడమటి ఊళ్ళ ఫుట్‌బాల్ రెండుగా చీలింది. అంతవరకు మదనపల్లె, పుంగనూరు, కుప్పం జట్లన్నీ ఒకే లీగులో ఆడేవి. ఆ ఏడు ఫైనల్ మదనపల్లెలో పెట్టాలా, పుంగనూరులో పెట్టాలా అని ఇద్దరు పెద్దమనుషులు పంతానికి పోయి చెరొక లీగు పెట్టుకున్నారు. మాతో ఆడే జట్టు వాళ్ళతో ఆడకూడదు, ఆడితే పేరు కొట్టేస్తాం అని ఇద్దరూ ఒకే మాట అన్నారు. అన్నింట్లో తగువే గానీ ఆ ఒక్క మాటలో మాత్రం ఎంత ఐకమత్యమో! ఆంబోతుల పోట్లాటలో లేగల కాళ్ళు విరిగినట్టు, నలిగింది మాత్రం ఆడుకునే పిల్లలు.

మాది కుప్పం దగ్గర పల్లె. వేరుశనగ పీకేసిన మా చేనే మా ఊరి జట్టుకు గ్రౌండు. మా అన్న కెప్టెన్, పక్కింటి అన్న గోల్‌కీపర్. ఇద్దరూ ఒకే కంచంలో తిని పెరిగినవాళ్ళు. ఆడపిల్లనని నన్ను ఆటలోకి రానిచ్చేవాళ్ళు కాదు. ఆ కసికి గట్టు మీద కూర్చుని అందరికంటే గట్టిగా అరిచేదాన్ని.

మా జట్టు బాగా ఆడుతుందని రెండు లీగులకూ మేమే కావలసి వచ్చాం. మా నాయన టమోటాలు వేసేది మదనపల్లె మండీలో, ఆ మండీ సావుకారే అక్కడి లీగుకు పెద్ద. పక్కింటి అక్కను ఇచ్చింది పుంగనూరుకు, ఆమె మొగుడు ఆ లీగు మనిషి. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. చాలదన్నట్టు రెండు లీగులవాళ్ళూ మొదటి మ్యాచ్ ఒకే ఆదివారానికి పెట్టారు. కావాలనే పెట్టారు, ఆ మాట ఈనాటికీ అంటాను.

గురువారం సాయంత్రం జట్టంతా మా వాకిట్లో చేరింది. మాట్లాడుకుందామని వచ్చినవాళ్ళు కాసేపటికే అరుచుకోవడం మొదలుపెట్టారు.

"నువ్వు ఆడేది మీ టమోటాల కోసరం" అన్నాడు పక్కింటి అన్న.

"నువ్వు ఆడేది మీ బావ కోసరం గాదా?" అని మా అన్న అతని చొక్కా పట్టుకున్నాడు.

ఎవరో విడదీశారు. సగం మంది మదనపల్లె బస్సు, సగం మంది పుంగనూరు బస్సు ఎక్కాలని తేల్చుకున్నారు. మా ఊరికి ఇక జట్టు లేదు. నాకు ఏడుపు ఆగలేదు.

అరుగు మీద మా అవ్వ చింతపండులో గింజలు తీస్తూ ఉంది. ఆమెకు ఫుట్‌బాల్ అంటే ఓనమాలు తెలియవు. తల ఎత్తకుండానే మా అన్నను అడిగింది. "ఆ పెద్దమనుసులిద్దురూ బాలు తంతారా అప్పా?"

"ల్యా అవ్వా. వాళ్ళు కుర్చీలేసుకోని సూస్తారు."

"తన్నేది మీరు, తగువు వాళ్ళదా? బాగుండాది!" అని చింతపండు చాట పక్కన పెట్టి లేచింది. నన్ను వెంటబెట్టుకుని నేరుగా ఊరి పెద్ద ఇంటికి నడిచింది.

మా ఊళ్ళో గంగమ్మ జాతరకు ముందు డప్పు కొట్టి చాటింపు వేస్తారు. చాటింపు పడ్డాక జాతర ముగిసేదాకా ఊరివాళ్ళు పొలిమేర దాటకూడదు. బయటివాళ్ళు పగలు రావచ్చు, పొద్దుగుంకేలోగా వెళ్ళిపోవాలి. జాతర రాత్రి ఊరి కుర్రవాళ్ళు సిరసును, అంటే అమ్మవారి తల బొమ్మను, భుజాల మీద ఊరేగిస్తారు. అమ్మవారికి తొలి పొంగలి పెట్టేది మా ఇంటివాళ్ళే గనుక అవ్వ మాటకు విలువ ఉండేది. రేపే చాటింపు వేయమని అడిగేసరికి ఊరి పెద్ద తెల్లబోయాడు. జాతరకు ఇంకా వారాలున్నాయి, ఇంత తొందర యాల అన్నాడు.

"అమ్మవారి సిరసు మోసేది ఎవురప్పా? ఈ బాలు తన్నే పిల్లోళ్ళే గదా. ఆదివారం చెరొక బస్సెక్కినారంటే మళ్ళా ఒగురి మొగం ఒగురు సూడరు. కొట్లాడుకున్న బుజాల మింద గంగమ్మ కూసుంటాదా?"

ఆయన మీసం దువ్వుకుని డప్పు కొట్టేవాణ్ణి పిలిపించాడు.

తెల్లవారి డప్పు మోగింది. వచ్చే మంగళవారమే జాతర. ఆదివారం ఎవరూ ఎక్కడికీ పోకూడదు. మా నాయన తల పట్టుకున్నాడు. "సావుకారికి నేనేం సెప్పాలమ్మా?"

"గంగమ్మ పంపలేదని సెప్పు. కోపమొస్తే గంగమ్మ మిందికి రమ్మను."

ఆదివారం రెండు బస్సులూ మావాళ్ళు లేకుండానే వెళ్ళిపోయాయి. సాయంత్రానికి కబురు వచ్చింది. రెండు లీగులూ మా జట్టు పేరు కొట్టేశాయి. మా అన్న అన్నం ముట్టలేదు. "మా ఆట నాశనం చేసినావు" అని అవ్వ మీద విరుచుకుపడ్డాడు. పక్కింటి అన్న కూడా వచ్చి వాడి పక్కనే నిలబడి వంత పాడాడు. మూడు రోజులుగా మాటల్లేని ఇద్దరూ అవ్వను తిట్టడానికి ఒకటయ్యారు. అవ్వ ముసిముసిగా నవ్వింది.

"సాటింపు మనం పోయేదానికి అడ్డం. వచ్చేవోళ్ళకు అడ్డం ల్యా గదా. జాతరకు పిలవండి. రెండు పక్కలా పిలవండి."

టమోటా లారీ డ్రైవరు చేత మదనపల్లెకు, బస్సు కండక్టరు చేత పుంగనూరుకు పిలుపులు వెళ్ళాయి. జాతరకొచ్చి మాతో ఒక ఆట ఆడి, పొంగలి తిని పొమ్మని. కొట్టేసిన జట్టుతో ఆడినవాళ్ళ పేర్లూ కొట్టేస్తామని ఇద్దరు పెద్దమనుషులూ బెదిరించారట. ఎవరొస్తారులే అనుకున్నాం.

మంగళవారం ఎండ వాలేవేళకు మదనపల్లె వైపు నుంచి ఒక జీపు వచ్చింది. వెనకాలే పుంగనూరు వ్యాను. దిగినవాళ్ళు అటూ ఇటూ సగం సగమే. తక్కినవాళ్ళు భయపడి ఆగిపోయారు. ఏ ఊరికీ నిండు జట్టు లేదు, మాకు మాత్రం ఉంది. కాసేపు అందరూ కాళ్ళతో మట్టి గీకుతూ నిలబడ్డారు. ఆ తర్వాత మదనపల్లె పిల్లలు, పుంగనూరు పిల్లలు కలిసి ఒక జట్టయ్యారు. ఏ పెద్దమనిషీ కలపలేదు వాళ్ళను. ఆడాలన్న ఆశ కలిపింది.

ఆట మొదలయ్యే ముందు, జీపు వెంట మోటారు సైకిల్ మీద వచ్చిన మదనపల్లె లీగు మనిషి ఒకాయన చేనిలోకి దిగాడు. కాలు పెట్టినవాళ్ళ పేర్లన్నీ కొట్టేస్తాను అని కేకలు వేశాడు. పిల్లలు జంకారు. మా అవ్వ పసుపు చీర కుచ్చిళ్ళు ఎగజెక్కి గీత దాటి గ్రౌండు నడుమకు పోయి నిలబడింది.

"ముందు నా పేరు కొట్టెయ్యి నాయినా. నేనూ కాలు పెట్టినా. ఇది మా సేను, ఇయ్యి మా గంగమ్మ దినాలు. ఈడ నీ లీగూ ల్యా, వాళ్ళ లీగూ ల్యా."

అది చూసి నేనూ గట్టు దిగి పరుగెత్తి అవ్వ పక్కన నిలబడ్డాను. నా వెనకే ఊరి ఆడవాళ్ళు, ముసలివాళ్ళు, చంకలో బిడ్డలున్న తల్లులు కూడా చేనిలోకి వచ్చేశారు. ఇంతమంది పేర్లు ఆయన ఎక్కడని కొట్టేస్తాడు? గొణుక్కుంటూ బండెక్కాడు.

ఆ రోజు మేం చిత్తుగా ఓడిపోయాం. పక్కింటి అన్న వదిలేసిన గోలు చూసి మా అన్న అతన్ని తిట్టిన తిట్లు ఊరంతా విన్నది. వచ్చినవాళ్ళంతా పొంగలి తిని పొద్దుగుంకేలోగా పొలిమేర దాటాక, సిరసును ఆ ఇద్దరే ముందు పట్టి మోశారు. ఆ ఏడంతా మాకు ఏ లీగూ లేదు. ఐనా ప్రతి ఆదివారం మా చేనికి ఎవరో ఒకరు ఆడడానికి వచ్చేవాళ్ళు. సావుకారు నాలుగు రోజులు మా నాయనతో మాట్లాడలేదు, తర్వాత టమోటాల కోసం తనే మాట్లాడాడు.

మా అవ్వ పోయి చాలా ఏళ్ళయింది. ఉద్యోగంలోనూ, చుట్టాల్లోనూ, మా వీధి కమిటీలోనూ ఎందరో నన్ను నిలదీశారు. మా పక్కా, వాళ్ళ పక్కా, తేల్చి చెప్పు అని. అలా అడిగినప్పుడల్లా నా చెవుల్లో ఆ డప్పు మోగుతుంది. అందరికీ ఒకటే జవాబు చెబుతాను: "మా ఊర్లో సాటింపు పడిండాది. నేను యాడికీ రాను. కావాలంటే మీరే రండి, ఇద్దురూ రండి, పొంగలి పెడతా."