పసుపు రాసిన సర్వే రాయి

ఇంతవరకు నా మాట ఎవరూ పట్టించుకోలేదు. అలాగని వాళ్లు చెవిటివాళ్లు కారు. కరణం విన్నాడు, నవ్వాడు. గుమస్తా విన్నాడు, రేపు రమ్మన్నాడు. ఆ రేపు ఏ రోజో నాకు నేటికీ తెలియదు. అందుకే మొదటినుంచి రాస్తున్నాను.

జమీందారీలు రద్దయి మా ఉద్దానం ఊళ్లు సర్కారు కిందికి వచ్చిన రోజులవి. నేను పూండి దగ్గర ఎలిమెంటరీ బడిలో మేష్టరుని. సముద్రానికి కాస్త ఇవతల మాకొక కొబ్బరితోట ఉంది. దాన్ని పెంచింది మా అమ్మ. నాన్న పోయిన ఏడు ఇసకలో గుంట తవ్వి, కుండలతో నీళ్లు మోసి ఒక్కొక్క మొక్కనీ బతికించుకుంది. పొద్దున్నే ఆ తోటలో నడుస్తుంటే నిద్ర లేచామో లేదో తెలిసేది కాదు. సముద్రం కనబడదు, దాని ఊపిరి వినబడుతుంది. మట్టల మీంచి మంచు జారి ఇసకలో చుక్కలు పెడుతుంది. పక్క తోటలోంచి జీడిపూత వాసన వస్తుంది. పూండి స్టేషన్లో బండి కూస్తే, ఆ కూత నీళ్ల అడుగునుంచి వచ్చినట్టుంటుంది.

అలాంటి పొద్దుటే గ్రామ నౌకరు నోటీసు తెచ్చాడు. ఇంగ్లీషులో టైపు కొట్టిన కాగితం. నిఘంటువు పెట్టుకుని చదివితే తేలింది ఇది: మా అమ్మ గుడి భూమిని అనుమతి లేకుండా అనుభవిస్తోంది, అందుకు పన్ను కట్టాలి, ఎందుకు ఖాళీ చేయించకూడదో పదిహేను రోజుల్లో చెప్పుకోవాలి.

అమ్మ చీపురుకని ఈనెలు చీరుతూ విని, "గుడెక్కడున్నాదిరా?" అంది.

ఇద్దరం తోటంతా కలయజూశాం. రాత్రికి రాత్రి మొలిచిందేమోనని చెట్ల వెనక కూడా చూశానని చెప్పడానికి సిగ్గుపడను. చెట్లు, ఇసక, మంచు తప్ప ఏమీ లేవు.

కరణం దగ్గరికి వెళ్తే నోటీసు ఎగాదిగా చూసి, "గుడిని మింగీసినారు సరే, లింగాన్ని ఎక్కడ దాసినారు మేస్టారూ?" అన్నాడు. అరుగు మీదున్నవాళ్లంతా నవ్వారు. ఎవరెవరు నవ్వారో నాకు గుర్తుంది.

పూండిలో బండెక్కి, నౌపడాలో చిన్నరైలు మారి టెక్కలి వెళ్లాను. ఆ చిన్నరైలు ఎవరినో నిద్ర లేపకూడదన్నట్టు మెల్లగా పోయేది. ఉప్పుమడుల్లో ఆకాశం పరుచుకుని ఉంది. కొంగ ఒకటి ఆకాశం మీదే నిలబడి ఉంది. మా తోట కూడా అలాగే నీడలా కరిగిపోతోందేమో అనిపించి కిటికీ చువ్వ గట్టిగా పట్టుకున్నాను.

ఏ ఆఫీసో చెప్పను, వాళ్లకే తెలుసు. బల్ల మీద ముగ్గురు కూర్చుని ఉన్నారు, నాలుగో మనిషికి చోటుంది. ఎవరూ జరగలేదు. మధ్యాహ్నం దాకా నిలబడ్డాను. గుమస్తా తమలపాకుల ఈనెలు ఒకటొకటే తీసి, సున్నం రాసి, నమిలి, అప్పుడు రిజిస్టరు తెరిచాడు. రెండోసారి కొలతకు వచ్చిన మనిషి ఆ తోటలో గుడి ఉందని రాసుకున్నాడట. సర్కారు మనిషికి కనబడిన గుడి మీకు కనబడకపోతే మేమేం చేస్తామన్నాడు.

మర్నాడు గురువారం, మేమనే లక్ష్మివారం. తెల్లారి లేచేసరికి అమ్మ లేదు. తోట చివర మొగలిపొదల అవతల, దారి వైపు, మంచులో కూర్చుని ఉంది. ఆమె ముందు సర్వే రాయి. దానికి నిండా పసుపు, మూడు బొట్లు, నెత్తిన గన్నేరుపువ్వు. చుట్టూ ఎవరెవరో కొట్టిన కొబ్బరిచిప్పలు. ఇదేమిటని అడిగాను.

మొదటిసారి సర్వేవాళ్లు రాయి పాతి వెళ్లిన రోజే అమ్మ దాన్ని కడిగి పసుపు రాసిందట. ఆ తర్వాత ప్రతి లక్ష్మివారం రాస్తోందట. భూమిలో కొత్తగా నాటిన రాయిని బోసిగా వదలకూడదని మా వైపు పట్టింపు. చూసినవాళ్లు పువ్వు పెట్టారు. భావనపాడునుంచి ఎండుచేపల గంపలతో వచ్చే ఆడవాళ్లు ఆగి దండం పెట్టుకున్నారు.

"తోటని కాత్తాదని ఎట్టినాను," అంది అమ్మ. "రెండోపాలి వొచ్చిన బాబు సెప్పులు ఇప్పీసి, దండమెట్టి మరీ కొలిసినాడు. ఎంత బుద్దిమంతుడో అనుకున్నాను."

ఆ బుద్ధిమంతుడే మా హద్దురాయిని అమ్మవారని, తోటని గుడి భూమి అని రాసి పోయాడు.

మళ్లీ టెక్కలి. మళ్లీ నిలబడ్డాను. గుమస్తా ఈసారి నవ్వి, గుడి ఉందని ఒప్పేసుకోండి, మీ అమ్మగారినే ధర్మకర్తని చేస్తారు, పన్ను బాధ ఉండదు అన్నాడు. అది తనేదో మేలు చేసినట్టే చెప్పాడు. ఇంటికొచ్చి అమ్మకి చెప్పాను.

"అప్పుడు తోట దేవుడిదైపోద్ది కదరా," అంది. నీళ్లకుండ దించి, "దేవుడు నీళ్లు మొయ్యలేదు," అంది.

మూడోసారి వెళ్తే గుమస్తా, సరే, అది హద్దురాయేనని అర్జీ పెట్టండి, ఆఫీసరు వచ్చి చూస్తారు, అందాకా దానికి పసుపు రాయొద్దు అన్నాడు. ఆ సాయంత్రం అమ్మే రాయి కడిగింది. నన్ను ముట్టనివ్వలేదు. పసుపునీళ్లు ఇసకలోకి పోతూ ఒక్క క్షణం ఇసకంతా పచ్చగా వెలిగింది. తర్వాత మామూలు ఇసకే. అమ్మ చేతిగీతల్లో మాత్రం పసుపు చాలాసేపు ఉంది.

మర్నాడు గంపలవాళ్లు ఆగి, "ఏటమ్మా, అమ్మోరు బోసిగున్నాది?" అని అడిగారు.

"ఆపీసరు రావాలంట," అంది అమ్మ.

ఆఫీసరు రాలేదు. నోటీసు మాత్రం ఏటా వస్తోంది. తోట పోకుండా పన్ను కట్టి, రసీదు వెనక "కట్టాను, ఒప్పుకోలేదు" అని రాసి దాస్తున్నాను. కర్నూలుకి అర్జీలు పంపాను. రాజధాని హైదరాబాదుకి మారింది. నా అర్జీలు కూడా బండెక్కాయో, అక్కడే ఉండిపోయాయో చెప్పేవాడు లేడు. గుమస్తా కూడా మారాడు. కొత్తాయన నేనెవరినని అడిగాడు.

లక్ష్మివారం పొద్దున అమ్మ పసుపు గిన్నె పట్టుకుని ఇప్పటికీ ఆ రాయి దాకా వెళ్తుంది. మంచులో రాయి ముందు ఆమె, ఆమె ముందు రాయి, రెండూ ఒక్క రంగులోనే ఉంటాయి. కాసేపు కూర్చుని, తడి పసుపు అలాగే గిన్నెతో వెనక్కి తెస్తుంది. గుమ్మంలో నన్ను చూసి, "ఆపీసోళ్లు రాసినారేటి?" అని అడుగుతుంది. లేదంటాను.

అయ్యా, ఆ కుర్చీలో ఇప్పుడు ఎవరున్నా సరే. నాకు బల్ల మీద చోటు అక్కర్లేదు, పాత పన్ను తిరిగివ్వక్కర్లేదు. ఆ తోట మా అమ్మదని, ఆ రాయికి ఆమె పసుపు రాసుకోవచ్చని ఒక్క ముక్క రాసి పంపండి. కాదంటే కాదనే రాయండి. వచ్చే లక్ష్మివారానికి నాకు జవాబు కావాలి. ఆమె గిన్నెలో పసుపు కలిపే లోపు.